పశువుల డాక్టరుగారింటి గీజరు

"మెకానిక్‌ని పంపలేదేటండి?" అడిగాడు సూర్యతేజ, గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగిచూస్తూ.

"పంపడమేటండి, వచ్చేసింది. నిచ్చెనెక్కడుందో సెప్పండి," అంది ఆమె, భుజాన టూల్‌బ్యాగ్ సర్దుకుంటూ.

ఆమె పేరు ఝాన్సీ. ఊరు కె.కోటపాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసి, రెండేళ్ళుగా చోడవరంలో గీజర్లు, మోటార్లు బాగుచేస్తోంది. సూర్యతేజ వడ్డాదిలో పశువుల డాక్టరు. తల్లి పైడితల్లితో కలిసి చోడవరంలో ఉంటున్నాడు.

పైడితల్లికి కీళ్ళవాతం. చలికాలం తెల్లవారేసరికి వేళ్ళు బిగుసుకుపోయి, గ్లాసు కూడా పట్టుకోలేదు. వేడినీళ్ళలో పావుగంట ఉంచితేగాని అవి కదలవు. అలాంటిది వారంరోజులుగా గీజరు స్విచ్ వేసినప్పుడల్లా ఇల్లంతా కరెంటు పోతోంది.

ఝాన్సీ గీజరు కింది మూత విప్పి, లోపలి కాయిల్ బయటికి లాగింది. దానిమీద సున్నం గడ్డలా ఉప్పు పేరుకుని, ఒకచోట పగిలి ఉంది.

"ఇది కొని ఎన్నాళ్ళయింది?"

"పదేళ్ళు."

"ఎప్పుడైనా సర్వీస్ చేయించేరా?"

"బాగానే పనిచేస్తోంది కదా అని..."

"పదేళ్ళు డాక్టరుకి సూపించకుండా గేదెని ఒకేసారి మీ దగ్గరికి తోలుకొస్తే, ఏటంటారు?"

"తిడతాను."

"నేను తిట్టట్లేదు. అదే మన ఇద్దరికీ తేడా."

లోపల పైడితల్లి పకపకా నవ్వింది. సూర్యతేజకి నవ్వాలో ఉడుక్కోవాలో తెలియలేదు.

ఝాన్సీ మాత్రం నవ్వలేదు. "బోరునీళ్ళ ఉప్పుకి కాయిల్ పగిలిపోయింది. ట్యాంకు అడుగు తుప్పుపట్టింది. ఎర్త్ వైరు ఎప్పుడో ఊడిపోయింది. కరెంటు నీళ్ళలోకి దిగిపోతంది కాబట్టే మీ ట్రిప్ స్విచ్ పడిపోతంది. అది పడి మిమ్మల్ని కాపాడతంది. దీన్ని బాగుచెయ్యడం దండగ. కొత్తది పెట్టించండి."

"కొత్తవి మీరే అమ్ముతారా?"

అడిగిన మరుక్షణమే తప్పు మాట అన్నానని అతనికి తెలిసింది. ఆమె ముఖం చిన్నబోయింది.

"అమ్మనండి. మీకు నచ్చిన షాపులో కొనుక్కోండి. బిగించడానికి నన్నే పిలవక్కర్లేదు కూడా."

కాయిల్ వెనక్కి పెట్టి మూత బిగించింది. వైర్లు విడదీసి, టేపు చుట్టి, మూతమీద 'వాడరాదు' అని పెద్దక్షరాలతో రాసింది. వెళుతూ వెళుతూ పైడితల్లి దగ్గర ఆగి, "పిన్నిగారూ, కొత్తది వచ్చేవరకూ పొయ్యిమీద కాసుకోండి. దీని జోలికెళ్ళకండి," అని చెప్పింది.

మర్నాడు చీకటితోనే సూర్యతేజకి వడ్డాది నుంచి ఫోను. ఓ ఆవుకి ఈనడం కష్టమైంది. అతను తిరిగొచ్చేసరికి పైడితల్లి పొయ్యి ముందు కూర్చుని ఉంది. గిన్నె దించలేక నీళ్ళు ఒలికిపోయాయి. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి అతని మనసు ఆగలేదు. కొత్త గీజరుకి ఇంకో వారం పడుతుందన్నారు చోడవరం షాపులో. వేరే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాడు. ఆయన పది నిమిషాల్లో వైర్లు కలిపి, ట్రిప్ స్విచ్‌తో పనిలేకుండా డైరెక్టుగా లైను ఇచ్చేశాడు.

"ఆడపిల్ల కదండీ, భయపడుంటాది," అన్నాడు ఆయన, మూతమీద ఆ మాట రాసిందెవరో తెలుసుకుని.

సూర్యతేజకి లోపల ఎక్కడో గుచ్చుకుంది. కానీ వేడినీళ్ళు వచ్చాయి. ఊరుకున్నాడు.

ఆదివారం పొద్దున్న ఎవరూ పిలవకుండానే ఝాన్సీ వచ్చింది. చేతిలో పెద్ద ఎలక్ట్రిక్ కెటిల్.

"పిన్నిగారికి గిన్నెలు ఎత్తడం కష్టం కదాని తెచ్చేను. కొత్త గీజరు వచ్చేక ఇచ్చెయ్యండి," అంటూనే ఆగిపోయింది. బాత్‌రూంలో నీళ్ళ చప్పుడు. గోడమీద గీజరు స్విచ్ ఎర్రగా వెలుగుతోంది.

కెటిల్ నేలమీద పడింది. ఝాన్సీ పరుగెత్తింది.

"పిన్నీ! కుళాయి ముట్టుకోకండి!"

ఆ కేకకి, స్విచ్ వెయ్యకముందే తిప్పిన స్టీలు కుళాయిని కట్టెయ్యడానికి చాచిన పైడితల్లి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఈలోగా ఝాన్సీ మెయిన్ స్విచ్ ఆపేసి, ఆవిడని పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. తర్వాత మళ్ళీ మెయిన్ వేసి, కుళాయికి టెస్టర్ ఆనించింది.

టెస్టర్‌లో లైటు వెలిగింది.

సూర్యతేజ గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"నన్ను నమ్మకపోతే మానెయ్యండి," అంది ఝాన్సీ. "కొత్తది కొనకపోయినా మానెయ్యండి. కానీ ఆవిడ చెయ్యి అక్కడ పడుంటే..."

మాట పూర్తికాలేదు. ఏడుపొచ్చేసింది.

"తప్పంతా నాదే," అన్నాడతను. "ఆడపిల్ల భయపడిందని ఎవడో అంటే విన్నాను. సిగ్గుగా ఉంది, ఝాన్సీ. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లట్లేదు."

పైడితల్లి తన వంకర వేళ్ళతో ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏడవకమ్మా. ఒరే, నిలబడిపోయేవేటిరా? ఆడగుంటకి మంచినీళ్ళియ్యి."

ఆ రోజే ఇద్దరూ అనకాపల్లి వెళ్ళి కొత్త గీజరు తెచ్చారు. ఏది కొనాలో ఝాన్సీయే చెప్పింది. ఎర్త్ వైరు కొత్తగా లాగింది. ఉప్పునీళ్ళకి ట్యాంకు పాడవకుండా లోపల ఉండే కడ్డీని చూపించి, "ఏడాదికోసారి ఇది అరిగిందో లేదో సూడాలి. అప్పుడు నన్ను పిలవండి," అంది.

సూర్యతేజ ఏడాది ఆగలేదు. తొమ్మిది రోజులు ఆగాడు.

"గీజరు చప్పుడు చేస్తోంది." ఝాన్సీ వచ్చి చూసింది. ఏమీ లేదు.

"నీళ్ళు మరీ వేడెక్కుతున్నాయి." వచ్చి చూసింది. అదీ లేదు.

మూడోసారి ఆమె టూల్‌బ్యాగ్ కింద పెట్టలేదు. "డాక్టరుగారూ, గీజరుకి ఏ జబ్బూ లేదు."

"గీజరుకి లేదు," అన్నాడతను నెమ్మదిగా. "నాకే."

ఆమె బుగ్గలు కందాయి. కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "నిరుడు వైజాగ్ నుంచి ఓ సంబంధం వచ్చింది. గుంట నచ్చింది గానీ నిచ్చెనలెక్కడం మానెయ్యాలన్నారు. నేను వద్దన్నాను. మీరూ రేపు అదే అంటారేటి?"

"మీకా పని వచ్చు కాబట్టే మా అమ్మ నా ఎదురుగా ఉంది. మానెయ్యమని ఏ నోటితో అంటాను?"

ఝాన్సీ టూల్‌బ్యాగ్ సర్దుకుని బయల్దేరింది. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి, "గురువారం మా ఇంటికి రండి. పిన్నిగారిని కూడా తీసుకురండి," అంది.

గురువారం తుపాను ముసురు. తల్లీకొడుకులు కె.కోటపాడు వెళ్ళేసరికి ఝాన్సీ తల్లి నూకరత్నం గుమ్మంలోనే చేతులు నలుపుకుంటోంది.

"ఏటనుకోకండి బాబూ. మాడుగులలో ఆడపిల్లల హాస్టల్లో గీజరు పగిలి, గదిలోకి నీళ్ళొచ్చేసేయంట. ఫోనొస్తే ఎల్లిపోయింది. ఇయ్యాల వద్దే అంటే విన్లేదు."

పైడితల్లి తాపీగా కుర్చీలో కూర్చుంది. "పిల్లలు చలిలో ఉంటే ఎల్లక ఏటి సేస్తాది వదినా? ఒరే తేజా, నువ్వెళ్ళు. పని అయ్యేకే తీసుకురా. తొందరపెట్టకు."

అతను వానలో తడుస్తూ మాడుగుల చేరేసరికి ఝాన్సీ నిచ్చెనమీద ఉంది. పట్టుచీర కొంగు నడుముకి దోపుకుంది. జడలో పువ్వులు సగం తడిసి జారిపోతున్నాయి. అతన్ని చూసి గాబరాపడింది.

"కోపమొచ్చిందేటండి?"

"లేదు. నేనేం పట్టుకోవాలో చెప్పండి."

ఇద్దరూ కలిసి పాత గీజరు దించారు. హాస్టల్‌వాళ్ళు తెప్పించిన కొత్తది అతను రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటే, ఆమె బోల్టులు బిగించింది. బరువుకి అతని చేతులు వణుకుతున్నా, ఆమె రెండుసార్లు సరిచూసుకునేదాకా కదల్లేదు. కుళాయిలోంచి వేడినీళ్ళు రాగానే హాస్టల్ పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఝాన్సీ చేతులు కడుక్కుని అడిగింది. "పిన్నిగారు ఏటన్నారు?"

"పని అయ్యేకే తీసుకురా, తొందరపెట్టకు అంది."

ఆమె చెంపమీద నీళ్ళు తుడుచుకుంది. అవి వానవో కావో అతను అడగలేదు.

"ఒకసారి ఫోన్ కలపండి. నేనే మాట్లాడతాను."

అతను కలిపి ఇచ్చాడు.

"అత్తా," అంది ఝాన్సీ మెల్లగా. "పని అయిపోయింది. ఇద్దరం వస్తన్నాం."

అవతలి నుంచి పైడితల్లి కేక, పక్కనే నిలబడ్డ సూర్యతేజకి కూడా వినిపించింది.

"వదినా! విన్నావా? అత్తా అంది! నన్ను అత్తా అంది!"