ఎక్కడా రాయని కీ

రికార్డు రూమ్ గుమాస్తాను పార్కింగ్‌లో కాల్చేశారు. సైలెన్సర్ బిగించిన పిస్తోలు. పక్క కారులో సీటు బెల్టు పెట్టుకుంటున్న ఆవిడకు కూడా చప్పుడు వినిపించలేదు. అతని చేతిలో ఉండాల్సిన కవరు లేదు. రెండు కార్ల అవతల నేల మీద గుప్పెడు బూడిద మాత్రం ఉంది.

"ఆ బూడిదే కవరు," అన్నాడు డిపార్ట్‌మెంట్ చీఫ్. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. ఎదురుగా కూర్చున్న ఏజెంటు పేరు మాత్రం టెస్టర్. ఏ వేషం వేసినా జేబులో స్క్రూలు విప్పే టెస్టర్ ఉంటుంది కాబట్టి ఆఫీసులో ఆ పేరే స్థిరపడిపోయింది.

"అందులో ఏముంది సార్?"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడిచాడు. ఆయన కళ్ళజోడు తుడిచాడంటే వినబోయేది బాగుండదని లెక్క.

"ఫొటో. మీ అన్నయ్యా, మీ వదినా."

టెస్టర్ కుర్చీలో ముందుకు జరిగాడు. అన్నయ్య ఇదే డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి ఒక విదేశీ ముఠా చేతిలో పోయాడు. ఆ ఏడాదే వదిన వేరే పేరుతో అదే ముఠాలో చేరింది. వాళ్ళ దృష్టిలో ఆమె ఇక్కడి రహస్యాలు అమ్మే అందగత్తె, మేడమ్. నిజానికి వాళ్ళ రహస్యాలు ఇక్కడికి చేరవేసే మనిషి. ఆమె వెళ్ళేముందు అన్నయ్యతో దిగిన ఫొటోలన్నీ తగలబెట్టారు. ఒక్కటి మాత్రం రికార్డు రూమ్‌లో ఉండిపోయింది. దాన్నే గుమాస్తా అమ్ముకున్నాడు.

"వాళ్ళు చూసేశారా?"

"ఇంకా లేదు. గుమాస్తా ముందు ఫొటో స్కాన్ చేసి కంప్యూటర్ ఫైలు పంపాడు, తర్వాత అసలుది తీసుకెళ్ళాడు. చంపినవాడు కవరు విప్పకుండానే కాల్చేశాడు. కాగితం మిగలకూడదన్నది ఆ ముఠా పద్ధతి. ఏదీ రాయరు, ఏదీ ప్రింటు తియ్యరు, రెండో కాపీ ఉంచరు. ఇప్పుడా ఫొటో ఒక్క ముఠా ఛైర్మన్ లాప్‌టాప్‌లోనే ఉంది. తమలో మన మనిషెవరో తేల్చడానికి సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి, వాళ్ళ మొహాలు చూస్తూ తెరుస్తాడట. నాటకాల పిచ్చి వెధవ."

"అయితే తలుపు బద్దలుకొట్టి లోపలికి పోదాం."

"తలుపు మీద దెబ్బ పడగానే గదిలో ఉన్నవాళ్ళందరినీ కాల్చేస్తాడు. అనుమానం వచ్చినచోట ఒక్కరినీ మిగల్చడు." పెద్దాయన ముందుకు వంగాడు. "వాళ్ళ కంప్యూటర్ నిపుణుడొకడు ఉన్నాడు, ప్రొఫెసర్ అంటారు. పాత విండోస్ మీద ఎవరైనా కన్నేస్తారని భయపడి, పొద్దున్న దాని పక్కనే లైనక్స్ అనే ఇంకో సిస్టమ్ ఎక్కించబోయాడు. లాప్‌టాప్ మొరాయించింది. రిపేరు షాపుకు ఫోన్ చేశాడు. ఆ ఫోన్ ఎత్తింది మనవాళ్ళు."

"ఫొటో సంగతి వదినకు తెలుసా?"

"తెలీదు. లాప్‌టాప్‌లో తనకు ముప్పుందని మాత్రం ఆమెకు తెలిసిన సంకేతంతో నువ్వే చెప్పాలి. 'ఫ్యాన్ నిండా దుమ్ముంది' అను. ఆమె 'దులపండి' అంటే పని కానివ్వు. 'వదిలెయ్యండి' అంటే సంచి అక్కడే పడేసి బయటికొచ్చెయ్యి. ఇక ఆమెను ఎవరూ కాపాడలేరని అర్థం."

*

ముఠా బస ఒక ఫర్నిచర్ గోడౌను పైన. టెస్టర్ మాసిన చొక్కా, అతికించిన మీసం, భుజాన పనిముట్ల సంచితో మెట్లెక్కాడు. కళ్ళజోడు చెవి కాడలో మైకు ఉంది. మీసం కింద దురద మొదలైంది. గోక్కుంటే ఊడొస్తుందని ఓర్చుకున్నాడు.

గదిలో పొడవాటి బల్ల, దాని చుట్టూ సాయంత్రం కోసం అప్పుడే సర్దిన కుర్చీలు. ఛైర్మన్ సోఫాలో కూర్చుని గోళ్ళు చూసుకుంటున్నాడు. అతని పక్కన ఆకుపచ్చ పట్టు బ్లౌజు, పొడుగు చెవిపోగులతో వదిన. ఒకప్పుడు టెస్టర్ చొక్కాకు గుండీ ఊడితే, తిడుతూనే కుట్టి ఇచ్చిన మనిషి. ఇప్పుడు అతన్ని చెప్పుకంటిన మట్టిని చూసినట్టు చూసింది.

"ఇతనేనా మెకానిక్? చేతులు కడుక్కోమను."

ప్రొఫెసర్ బక్కపలచటి మనిషి. చెమటతో చొక్కా వీపుకు అతుక్కుపోయింది. లాప్‌టాప్ తెరమీద నీలం రంగులో ఒకటే ప్రశ్న: డిస్కు తెరవడానికి రికవరీ కీ ఇవ్వండి.

"ఏం చేశారు సార్?" అని అడిగాడు టెస్టర్.

"లైనక్స్ పెన్‌డ్రైవ్ బూట్ కాలేదని, కొత్తవాటిని అడ్డుకునే సెక్యూర్ బూట్ తీసేశాను," ప్రొఫెసర్ గొంతు తగ్గించాడు. "అప్పుడు లైనక్స్ వచ్చింది గానీ ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనబడలేదు. స్టోరేజ్ మోడ్ మార్చాను. డిస్కు కనబడింది, అంతా తాళం వేసి ఉంది. భయమేసి ఆపేశాను. తీరా చూస్తే విండోస్ కూడా రావట్లేదు."

"రికవరీ కీ ఎక్కడ రాసుకున్నారు?"

ప్రొఫెసర్ ఛైర్మన్ వైపు చూశాడు. ఛైర్మన్ గోళ్ళ మీంచి చూపు ఎత్తకుండానే అన్నాడు: "మా దగ్గర ఏదీ రాయం."

టెస్టర్ లాప్‌టాప్ తిరగేసి గాలి రంధ్రాలు చూశాడు. "ఫ్యాన్ నిండా దుమ్ముంది."

వదిన చెవిపోగు సవరించుకుంటోంది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"దులపండి," అంది. "అందుకేగా పిలిచింది."

టెస్టర్ బ్రష్ తీశాడు. రోగం అతనికి గదిలో అడుగుపెట్టగానే అర్థమైంది. ఆ డిస్కు తాళానికి కీ మదర్‌బోర్డు మీదున్న చిన్న సెక్యూరిటీ చిప్ దగ్గర ఉంటుంది. విండోస్ కంటే ముందు లేచే ఫర్మ్‌వేర్‌లో సెట్టింగులు మారితే చిప్‌కు అనుమానమొచ్చి కీ ఇవ్వదు. మార్చిన రెండూ యథాప్రకారం పెట్టేస్తే మాత్రం కిక్కురుమనకుండా ఇచ్చేస్తుంది. విండోస్ వస్తుంది. ఫొటో వస్తుంది. ఈ లాప్‌టాప్‌కు ఇంత సులువైన రిపేరు ఉండటమే అతన్ని భయపెట్టింది. ఎవరికీ ఆ ఆలోచన రాకముందే చిప్‌ను తుడిచెయ్యాలి.

"నాకొకటి తోస్తోంది," అన్నాడు ప్రొఫెసర్ బుర్ర గోక్కుంటూ. "నేను మార్చినవి మళ్ళీ పాతలాగే పెట్టేస్తే?"

టెస్టర్ చేతిలో బ్రష్ ఆగిపోయింది.

"పెట్టించు మరి," అంది వదిన.

ఆమెకు ఆ మాట ఎంత పనిచేస్తుందో తెలీదా? తెలిసే అందా? రెండు మాటల్లో తన మెడకు తనే ఉరి తగిలించుకుందే అని టెస్టర్‌కు ఏడుపొచ్చింది. చెయ్యగలిగిందేమీ లేక ఫర్మ్‌వేర్ మెనూ తెరిచాడు. భుజం మీంచి ప్రొఫెసర్ ఊపిరి చెవికి తగులుతోంది. సెక్యూర్ బూట్ ఆన్. స్టోరేజ్ మోడ్ పాతది. ఇంకొక్క మీట నొక్కితే సేవ్ అయిపోతుంది.

"ప్రొఫెసర్," వదిన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి పిలిచింది, "కింద ఆ తెల్ల కారు ఎవరిది? ఇందాకట్నుంచీ అక్కడే ఉంది."

ప్రొఫెసర్ ఒక్క అంగలో కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఛైర్మన్ కూడా లేచాడు. టెస్టర్ వేళ్ళు సెక్యూరిటీ పేజీలోకి దిగాయి. చిప్. క్లియర్. అవును. సేవ్.

"ఎవరో కుర్చీలు కొనడానికొచ్చినట్టున్నారు," అంటూ ప్రొఫెసర్ వెనక్కి వచ్చాడు.

లాప్‌టాప్ ఆగి మళ్ళీ లేచింది. టెస్టర్ మర్చిపోయిన సంగతి అప్పుడు తెరమీద కనబడింది. చిప్ దానంతటదే తుడుచుకోదు. ఎదురుగా మనిషి ఉన్నాడని రుజువు కోసం మీట నొక్కమంటుంది. నల్లటి తెరమీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు: తుడిచెయ్యడానికి ఎఫ్ పన్నెండు, వద్దంటే ఎస్కేప్.

"ఇదేంటి? తుడవడమేంటి?" ప్రొఫెసర్ చెయ్యి ఎస్కేప్ మీదికి వెళ్ళింది.

"ఆగు!" వదిన గొంతు కరుకుగా పలికింది. "సార్ మెషీన్ మీద, సార్ ఎదురుగా, నీ చెయ్యేంటి? పొద్దున్న చేసిన నిర్వాకం చాల్లేదా?"

ప్రొఫెసర్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఛైర్మన్ మొహం గంభీరంగా మారింది. తన అధికారం ఎవరైనా గుర్తుచేస్తే అతనికి అలాగే ఉంటుంది.

"ఏది నొక్కాలి?"

"పాత అనుమానాలన్నీ పోవాలంటే ఇది సార్," టెస్టర్ వేలితో చూపించాడు. అందులో అబద్ధం లేదు.

ఛైర్మన్ ఉంగరాల వేలితో ఎఫ్ పన్నెండు నొక్కాడు.

తెర ఆరి వెలిగింది. మళ్ళీ అదే నీలం ప్రశ్న. ప్రొఫెసర్ మొహం పాలిపోయింది. అతనికి అర్థమైపోయింది. "కీ చిప్‌లోనే ఉండేది సార్. ఇంకెక్కడా లేదు. మనం... మనం రాసుకోలేదు కదా."

ఛైర్మన్ చెయ్యి కోటు లోపలికి వెళ్ళింది.

"ఇటు!" వదిన వెనక తలుపు గడియ తీసింది. ప్రొఫెసర్ మెట్ల మీద పడుతూ లేస్తూ పరుగెత్తాడు. పిస్తోలుతో ఛైర్మన్ వెంటపడ్డాడు. మెట్ల కింద కుర్చీలు బేరమాడుతున్న నలుగురూ బేరం మానేసి ఛైర్మన్ మీద పడ్డారు. ఒక్క తూటా పేలింది, గోడౌనులో ఒక అద్దాల బీరువా పగిలింది. ప్రొఫెసర్ ఒక పోలీసు వెనక నక్కి, ముఠా బసలన్నీ అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

పైన గదిలో టెస్టర్ మీసం పీకి బల్ల మీద పడేశాడు.

"వదినా, మూటాముల్లె సర్దుకోండి. ఇంటికెళ్దాం."

ఆమె కదల్లేదు. నీలం తెరవైపే చూస్తోంది.

"ఎందులో దొరికిపోబోయాను మరిదీ?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాడు. "మీరూ అన్నయ్యా ఉన్న ఫొటో. రికార్డు రూమ్‌లోది. అసలుది కాల్చేశారు. ఇదొక్కటే మిగిలింది." వేలితో నీలం తెర చూపించాడు. "ఇక దీన్ని తెరవడం ఎవరి తరమూ కాదు. నేనే చేశాను."

"మెట్ల దగ్గర తీసిందా? నేను నీలం చీరలో..."

"నేను చూడలేదు వదినా."

ఆమె కుర్చీలో కూర్చుని చెవిపోగులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. కాసేపటికి, అన్ని నీళ్ళలోనూ చిన్నగా నవ్వింది.

"అందులో మీ అన్నయ్య కళ్ళు మూసుకుని ఉంటారు. చింపి పారెయ్యమని పెళ్ళైన దగ్గర్నుంచీ నా ప్రాణం తీశారు," అంది లాప్‌టాప్ మూత వేస్తూ. "మొత్తానికి ఆయన పంతమే నెగ్గింది."