బొమ్మిడి మ్యాచ్ స్కోర్‌షీట్

2006 ఆగస్టు 12, శనివారం. ఉదయం 6.55.

ధర్మపురి ఊరిబయట, సేలం రోడ్డు మీద వెణ్ణిలా స్పిన్నింగ్ మిల్. బాస్కెట్‌బాల్ కోర్టు పక్కనే రికార్డు రూమ్. ఆ గది నేలమీద రంగరాజు వెల్లకిలా పడి ఉన్నాడు. తల కింద రక్తం. ఇనుప బీరువా మూలకు రక్తం.

ఊపిరి మాత్రం ఆడుతోంది.

అతని పక్కన కూలబడి ఉన్నాడు గోపాలసామి. రెండు చేతులకూ రక్తమే. కేక విని పరిగెత్తుకొచ్చిన వాచ్‌మన్ కాళియన్ కంట పడింది ఈ దృశ్యం. ఇక చెప్పాలా? ఎనిమిది కొట్టేసరికి మిల్లు మిల్లంతా తీర్పు చెప్పేసింది. తీర్పు చెప్పడానికి ఉన్న తొందర విచారించడానికి ఎవరికుంటుంది?

9.20కి సబ్ ఇన్‌స్పెక్టర్ మోహనప్రియ జీపు దిగింది. కాలేజీ టీమ్‌లో బాస్కెట్‌బాల్ ఆడి, స్పోర్ట్స్ కోటాలో పోలీసయిన మనిషి. ఇంట్లో తెలుగు, స్టేషన్‌లో తమిళం. కోపం వస్తే రెండూ కలిసి వస్తాయి.

టీమ్ మేనేజర్ మునిరాజ్ ఎదురొచ్చాడు.

“దెబ్బ తిన్నాయన ఎవరు?”

“మా టీమ్ స్కోరర్ మేడమ్. ముప్పై ఏళ్లుగా ప్రతి మ్యాచ్‌కూ ఆయనే. ఆసుపత్రికి పంపినాము. ఇంకా తెలివి రాలేదు.”

“గోపాలసామికి ఆయన మీద ఏం కోపం?”

మునిరాజ్ గోడ వైపు చూపించాడు. కొత్త బోర్డు. పెయింట్ ఇంకా వాసన వస్తోంది. పైన ‘వెణ్ణిలా స్పిన్నర్స్ - ఆల్ టైమ్ రికార్డ్స్’ అని తమిళంలోనూ ఇంగ్లీషులోనూ రాశారు. కింద ఒక్కొక్క రికార్డూ. వరసగా గెలిచిన మ్యాచ్‌లు 27. ఒక్క మ్యాచ్‌లో అత్యధిక స్కోరు 131. స్టేట్ కప్పులు నాలుగు. అన్నిటికంటే పైన, ‘అత్యధిక పాయింట్లు’ అన్నచోట మాత్రం పేరు లేదు. ఖాళీ.

“రేపు పదిన్నరకు ఈ బోర్డు తెరుస్తాము. మా టీమ్‌లో ఆటే ఉద్యోగం మేడమ్. జీతం ఇచ్చి ఆడించినాము. ఎక్కువ పాయింట్లు ఎవరివో వాళ్లకే ఇప్పుడు కోచ్ పోస్టు. పర్మనెంట్. క్వార్టర్స్‌తో సహా.”

“పోటీ ఎవరెవరికి?”

“గోపాలసామి 4,118. ఆనంద్‌కుమార్ 4,102. మొన్నటి దాకా గోపాలసామే ముందు. కానీ 1996లో బొమ్మిడిలో ఆడిన ఒక మ్యాచ్ షీటు పోయింది. ఆ రోజు ఒకటే వాన. రంగరాజు ఆ మ్యాచ్‌కు ఎవరికీ పాయింట్లు కలపకుండా గీత పెట్టేసినాడు. పోయిన వారం పాత కట్టలు సర్దుతుంటే ఆ షీటు దొరికింది. ఆ రోజు గోపాలసామికి మోకాలి దెబ్బ, ఆడలేదు. ఆనంద్‌కుమార్‌కు 21.”

మోహనప్రియ కూడుకుంది. 4,123. అయిదు పాయింట్ల తేడాతో రికార్డు చేయి మారింది. దాంతోపాటు ఒక మనిషి కూడూ గూడూ కూడా.

“షీటు ఎవరికి దొరికింది?”

“అసిస్టెంట్ స్కోరర్ చంద్రుకు. ఆనంద్‌కుమార్ బామ్మర్ది.”

సెల్‌ఫోన్ మోగింది. అవతల ఇన్‌స్పెక్టర్.

“ఇంకా ఏం చూస్తా ఉన్నావమ్మా? రక్తపు చేతులతో దొరికినాడు గదా. సాయంత్రం అయిదుకు రిమాండ్‌కు పంపించు.”

టైమ్ 10.05.

గోపాలసామిని డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చోబెట్టారు. నలభై అయిదేళ్లు. ఆరడుగుల మూడంగుళాల మనిషి. ఒకప్పుడు ఆ మనిషి బంతి అందుకుంటే జనం బెంచీల మీదకు ఎక్కేవాళ్లు. ఇప్పుడు కుడికాలు వంగదు. మిల్లు గేటు దగ్గర కాంట్రాక్టు ఉద్యోగం, అదీ ఈ నెలాఖరు వరకే.

“ఎన్ని గంటలకు వచ్చినారు?”

“ఆరూ యాభైకి.”

“ఎందుకు?”

“ఆ షీటు అబద్ధం అని ఇంకొక తూరి చెప్పేదానికి వచ్చినాను. తలుపు తీసే ఉన్నింది. రంగరాజు మామ పడిపోయి ఉన్నాడు. తల ఎత్తి పట్టుకుని కాళియన్‌ను పిలిచినాను.”

“నిన్న ఆయనతో గలాటా చేసినారంట?”

“చేసినాను. గలాటా వేరే, కొట్టేది వేరే అమ్మా. ఆయన నాకు చిన్నప్పటినుంచి మామ.”

“షీటు అబద్ధమని మీకెట్ల తెలుసు?”

గోపాలసామి తల వంచుకున్నాడు.

“తెలుసు.”

“ఎట్ల?”

“తెలుసమ్మా. అంతే.”

మోహనప్రియకు ఒళ్లు మండింది. కాళ్ల కింద నేల కదిలిపోతుంటే ఈ మనిషి నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు కూర్చున్నాడు. ఏదో దాస్తున్నాడు. అది మాత్రం ఖాయం.

తర్వాత చంద్రు. ఇరవై నాలుగేళ్లు. ఇస్త్రీ నలగని చొక్కా.

“పొద్దున ఎక్కడున్నావు?”

“ఎ. పళ్లిపట్టిలో మేడమ్, మా ఇంట్లో. ఎనిమిదింబావు బస్సులో దిగినాను. అప్పుడే విషయం తెలిసింది.”

“స్కోరింగ్ ఎప్పుడు నేర్చుకున్నావు?”

“2002లో. రంగరాజు సారే నేర్పించినారు.”

తర్వాత ఆనంద్‌కుమార్. ముప్పై మూడేళ్లు. మిల్లు క్వార్టర్స్‌లో ఉంటాడు. అడిగినదానికి పొడిపొడిగా చెప్పాడు. బొమ్మిడి మ్యాచ్ ఆడాడు. బాగానే కొట్టాడు. ఎన్ని కొట్టాడో పదేళ్ల తర్వాత గుర్తు లేదు. మాట్లాడినంతసేపూ తన చేతి గోళ్లనే చూసుకున్నాడు.

11.40. మోహనప్రియ మళ్లీ రికార్డు రూమ్‌లోకి వెళ్లింది. బల్లమీద రెండు స్కోర్‌షీట్లు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి బొమ్మిడి మ్యాచ్‌ది.

“రెండోది?”

“హోసూరు మ్యాచ్ మేడమ్. బొమ్మిడికి ముందు వారం ఆడింది,” అన్నాడు మునిరాజ్. “సర్దేటప్పుడు బయట పడి ఉంటుంది.”

రెండూ ఒకే పాత ప్యాడ్‌లోని కాగితాలు. ఒకే గళ్లు. రాత కూడా రంగరాజుదే అన్నట్టుంది. ఆటగాళ్ల పేర్లు సరిపోయాయి. కూడికలు సరిపోయాయి. బొమ్మిడి ఫైనల్ స్కోరు ఆనాటి పేపర్ కటింగ్‌తో కూడా సరిపోయింది. ఎక్కడా తప్పు లేదు. మోహనప్రియ రెండుసార్లు చూసింది, మూడుసార్లు చూసింది. గోపాలసామి మీద జాలి తప్ప చేతిలో ఏమీ మిగల్లేదు.

మధ్యాహ్నం 2.30. కోర్టులో విజిల్ వినిపించింది. రేపటి అతిథుల కోసం పిల్లల ఫ్రెండ్లీ మ్యాచ్ ట్రయల్. మనిషి ఆసుపత్రిలో ఉన్నా మునిరాజ్‌కు ఫంక్షన్ ఆగకూడదు. స్కోరర్ టేబుల్ దగ్గర చంద్రు.

మోహనప్రియ కిటికీలోంచి చూస్తూ నిలబడింది. విజిల్ మళ్లీ మోగింది. మొదటి క్వార్టర్ ముగిసింది. ఆమె చూపు చంద్రు చేతి మీద పడింది.

మరుక్షణం వెనక్కి తిరిగి బల్ల దగ్గరికి వచ్చింది. రెండు షీట్లనూ వెలుతురులో పెట్టింది. పెదవి కొరుక్కుంది. “ఎంత గుడ్డిదాన్ని!” అని తనను తానే తిట్టుకుంది.

4.05. అందరూ రికార్డు రూమ్‌లో ఉన్నారు. మునిరాజ్, ఆనంద్‌కుమార్, చంద్రు, గోడకు ఆనుకుని గోపాలసామి. ఒక మూలన బోర్డు పెయింటర్. ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన గడువుకు ఇంకా యాభై అయిదు నిమిషాలు.

“చంద్రూ, కూర్చో. ఇదిగో పాత ప్యాడు, రెండు పెన్నులు. 1996 మ్యాచ్ అనుకో. నేను చెప్తాను, నువ్వు షీటు రాయి.”

చంద్రు ఎర్ర పెన్ను తీసుకున్నాడు.

“ఏడో నంబరు, రెండు పాయింట్లు. పదో నంబరు, రెండు. ఏడో నంబరు, మూడు. ఫ్రీ త్రో, ఒకటి.”

చెయ్యి చకచకా సాగింది.

“పది నిమిషాలు అయింది. ఆట సాగుతోంది. పదో నంబరు, రెండు.”

చంద్రు ఎర్ర పెన్ను కింద పెట్టి నీలం పెన్ను తీసుకున్నాడు.

“ఆగు. పెన్ను ఎందుకు మార్చినావు?”

“క్వార్టర్ ముగిసింది కదా మేడమ్.”

“1996లో క్వార్టర్లు ఎక్కడివి?”

చంద్రు చేతిలోని పెన్ను బల్లమీద పడింది.

మోహనప్రియ మునిరాజ్ వైపు తిరిగింది.

“నేను కాలేజీలో ఆడినప్పుడు ఆటంటే రెండు సగాలు. ఒక్కో సగం ఇరవై నిమిషాలు. స్కోరర్ మొదటి సగం ఎర్రగా, రెండో సగం నీలంగా రాస్తాడు. మధ్యలో ఒకే ఒక్కసారి పెన్ను మారుతుంది. 2000 తర్వాతే నాలుగు క్వార్టర్లు వచ్చినాయి. ఎరుపు, నీలం, మళ్లీ ఎరుపు, మళ్లీ నీలం. ఇప్పుడు చూడండి. హోసూరు షీటులో స్కోరు 38 వరకు ఎరుపు, అక్కణ్ణుంచి చివరిదాకా నీలం. బొమ్మిడి షీటులో 17 వరకు ఎరుపు, 36 వరకు నీలం, 55 వరకు మళ్లీ ఎరుపు, ఆ తర్వాత నీలం. వారం తేడాతో ఆడిన మ్యాచ్‌లు సార్ ఇవి!”

మునిరాజ్ రెండు షీట్ల మీదకూ వంగి చూశాడు.

“హోసూరు షీటు సర్దేటప్పుడు బయట పడలేదు. రంగరాజుగారు పోల్చి చూసేదానికి తీసి పెట్టినారు. చంద్రు పాత కాగితం తెచ్చినాడు, ఆయన రాతను దించినాడు, పేర్లు సరిగ్గా రాసినాడు, స్కోరు కలిపినాడు. చెయ్యి మాత్రం 2002లో నేర్చుకున్న చెయ్యి. అలవాటు మీద అదే పెన్ను మార్చేసింది.”

“షీటు నేను రాసినా...” చంద్రు కుర్చీలోంచి లేచాడు. “అయినా పొద్దున నేను మా ఊళ్లో ఉన్నాను. ఎనిమిదింబావు బస్సు...”

“చాలు చంద్రూ.”

అన్నది ఆనంద్‌కుమార్.

“ఆరూ నలభై అయిదుకు మా ఇంటి తలుపు కొట్టినావు. చొక్కా చేతికి రక్తం ఉన్నింది. ముక్కులోంచి కారిందంటివి. మీ అక్కే ఉతికింది. నా చొక్కా ఇచ్చింది. ఇప్పుడు నీ ఒంటి మీద ఉండేది అదే.” మోహనప్రియ వైపు తిరిగాడు. “పొద్దున్నుంచి చెప్దాం చెప్దాం అనుకుంటానే ఉన్నాను మేడమ్. నోరు రాలేదు.”

చంద్రు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

“ఆరున్నరకు రమ్మన్నాడు బావా. రెండు షీట్లు పక్కన పెట్టి చూపించినాడు. కాళ్లు పట్టుకున్నాను. ‘పద, ఇద్దరం పోయి మేనేజర్‌తో చెప్దాం’ అన్నాడు. తలుపుకు అడ్డం నిలబడినాను. జరగమన్నాడు. తోసేసినాను. బీరువా తగుల్తుందని అనుకోలేదు.”

ఏడుపు తన్నుకొచ్చింది. ఎవరూ ఓదార్చలేదు.

4.30కి ఆసుపత్రి నుంచి ఫోన్. రంగరాజుకు తెలివి వచ్చింది. మాట్లాడుతున్నాడు.

కానిస్టేబుల్ చంద్రును బయటకు తీసుకుపోయాడు. మునిరాజ్ గోపాలసామి రెండు చేతులూ పట్టుకున్నాడు. పొద్దున ఆ చేతులను చూసి ఆమడ దూరం జరిగిన మనిషే.

“తప్పు అయిపోయింది గోపాలసామీ. పెయింటర్, బోర్డు మీద రాయప్పా. గోపాలసామి, 4,118. కోచ్ పోస్టు నీదే.”

పెయింటర్ కుంచె ముంచాడు.

“ఆగప్పా,” అన్నాడు గోపాలసామి.

కుంటుకుంటూ బోర్డు ముందుకు వచ్చాడు.

“ఆ షీటు అబద్ధం. మ్యాచ్ మాత్రం నిజం. నేను బెంచీ మీద కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెట్టినాను. ఆనంద్ కొట్టింది 21 కాదు. 18. తొమ్మిది బుట్టలు. ఫ్రీ త్రో ఒక్కటీ లేదు.”

మోహనప్రియ మనసులో కూడుకుంది. 4,120. రెండు పాయింట్లు ఎక్కువ. దొంగ షీటుతో పని లేకుండానే రికార్డు ఆనంద్‌కుమార్‌ది. పొద్దున ‘తెలుసు, అంతే’ అన్న మాట వెనక ఉన్నది ఇదా!

“షీటు లేదు కదన్నా,” అన్నాడు ఆనంద్‌కుమార్. “ఎవరూ అడగరు.”

“చూసినోణ్ణి నేను ఉన్నాను కదప్పా.”

“ఇప్పుడెందుకు చెప్పినారు?” మోహనప్రియ అడగకుండా ఉండలేకపోయింది.

“ఆ ముసలాయన లెక్క కోసం తల పగలగొట్టుకున్నాడమ్మా. నేను నోరు మూసుకుని ఆయన రాసిన లెక్క కింద నా పేరు ఎట్ల పెట్టించుకునేది?”

5.15. ఆసుపత్రి. తలకు కట్టుతో పడుకుని ఉన్న రంగరాజు అంతా విన్నాడు. మంచం పక్కన గోపాలసామి. ఆ వెనక ఆనంద్‌కుమార్. తలుపు దగ్గర మోహనప్రియ.

“పద్దెనిమిదేనా? సరిగ్గా చెప్పు.”

“పద్దెనిమిదే మామా.”

“అంత బాగా లెక్కపెట్టినోడివి, షీటు వానలో ఎక్కడో పోయిందని నేను ఏడుస్తా ఉన్నప్పుడే ఎందుకు చెప్పలేదురా? పదేళ్లు!”

గోపాలసామి వెనక్కి తిరిగి ఆనంద్‌కుమార్‌ను ఒకసారి చూశాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి, చిన్నపిల్లాడిలా ముంజేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

“ఆ రోజు నా జాగాలో ఆడినాడు మామా. చూసి ఓర్వలేకపోయినాను.”