రెండు గొంతుల పెళ్లి

ఏడో గొంతు కూడా పనికిరాలేదు.

అద్దాల గదిలో కూర్చున్న నీలవేణి మణికట్టుకు తెల్లటి పట్టీ కట్టి ఉంది. బయట స్క్రీన్ మీద అంకె నూట ఇరవై దగ్గర ఊగుతోంది. మైకులో ఆశీర్వచనం చదివిన పురోహితుడు కండువా దులుపుకుని, "నా గొంతుకేం లోపం లేదండీ," అని వెళ్లిపోయాడు. అంతకుముందు వచ్చిన రిజిస్ట్రారూ అదే మాటన్నాడు.

"బయటివాళ్లు వద్దని పొద్దున్నే అన్నాను. వింటేగా," అంది నీలవేణిని పెంచిన మామ్మ, పైడమ్మ. డెబ్బై ఆరేళ్ల మనిషి. నడుం వంచి ఎరగదు, అన్నమాట వెనక్కి తీసుకునీ ఎరగదు.

నిశ్చితార్థం రోజున అంతమంది జనంలో, ఎవరిదో కొత్త గొంతు "అమ్మాయిని పిలవండి" అనేసరికి నీలవేణి గుండె దడదడలాడి, పీట దగ్గరే కళ్లు తిరిగి పడిపోయింది. పెళ్లికింకా పన్నెండు రోజులుంది. అక్కడా అలాగే పడిపోతే ఎలాగని ఈ నాడిసాక్షి దగ్గరకు తీసుకొచ్చారు.

ఇప్పటి విశాఖలో పెళ్లి జరిపించడానికి ఫలానావాళ్లే కావాలన్న పట్టింపు లేదు. మనసుకు నచ్చిన మనిషైతే చాలు. ఆ మనిషెవరో తేల్చుకోవడమే చిక్కు. నాడిసాక్షి అది తేలుస్తుంది. అందులో మాయేం లేదు. పట్టీలో గోరంత సెన్సర్ ఉంటుంది. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, ఊపిరి ఎంత లోతుకు దిగుతోంది, అరచేయి ఎంత చెమర్చింది, ఈ మూడూ కలిపి ఒక అంకె చెబుతుంది. బెదిరితే అంకె లేస్తుంది. దాన్ని ఎనభై కిందికి దించిన గొంతు ఎవరిదైతే వాళ్లే పెళ్లిపెద్ద.

పైడమ్మ మైకు దగ్గరకు వెళ్లింది. ఇంటిమనిషిని ఎనిమిదోదాన్ని చేశారన్న సంగతి మనసులో ముడేసుకునే వెళ్లింది. "గుంటా, భయపడకే. నేనున్నాను కదేటి," అంది.

తొంభై ఆరు. అక్కడే ఆగిపోయింది.

"అందరికంటే మీదే తక్కువమ్మా. కానీ చాలదు," అన్నాడు మిషను కనిపెట్టిన డాక్టర్ వరహాలు.

"మీ మిషనుకి చెవుడేమో చూసుకోండి బాబూ."

అప్పుడు లోపలినుంచి నీలవేణి బెరుగ్గా అంది. "చినమామ్మ బయట కూర్చుంది. నేనే రమ్మన్నాను."

పైడమ్మ మొహం గంటు పెట్టుకుంది. చినమామ్మంటే సన్నాసమ్మ, ఆవిడ తోటికోడలు. ఇరవై నాలుగేళ్ల కిందట నీలవేణి బారసాలనాడు పైడమ్మ చీరతో ఉయ్యాల కడితే, సన్నాసమ్మ పదిమందిలో "ఆ ముడి జారిపోద్దప్పా" అంది. అంతే. ఆ రోజునుంచి మాటల్లేవు. ఇద్దరూ ఇరుగుపొరుగుగా ఉన్న వీధిని పడగొట్టి టవర్లు కట్టినప్పుడు ఇద్దరికీ ముప్పై ఒకటో అంతస్తులో పక్కపక్క వాటాలే వచ్చాయి. మధ్యలో బాల్కనీ గోడ.

సన్నాసమ్మ వచ్చి మైకులో మాట్లాడింది. తొంభై ఏడు.

పైడమ్మ పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు తిరిగింది. "చూశావా, నాకన్నా ఒకటి ఎక్కువే."

సన్నాసమ్మ బల్లమీది నీళ్లసీసాతో అంది. "ఒకటికే ఊరేగింపు తీసేలా ఉన్నారు."

"ఓ కుర్చీ, పిలవని పేరంటానికి వచ్చినవాళ్లకి సిగ్గుండాలని చెప్పు."

"ఓ సీసా, పిల్లే పిలిచిందని చెప్పు. చెవులు పనిచెయ్యని మిషనొకటి ఇక్కడ కూడా ఉందని చెప్పు."

"ఆగండి," అన్నాడు వరహాలు. మైకు ఇంకా తెరిచే ఉంది. అతను స్క్రీన్‌నే చూస్తున్నాడు. ఎనభై నాలుగు. డెబ్బై ఐదు. అరవై ఎనిమిది. అద్దం వెనక నీలవేణి భుజాలు వాలిపోయి, ఆవులిస్తోంది.

"మీరు ఇంటి దగ్గర కూడా ఇలాగే మాట్లాడుకుంటారా?"

"మేం మాట్లాడుకోం. మా కోడితో నేను చెబుతాను, వాళ్ల చీపురుతో ఆవిడ చెబుతుంది," అంది పైడమ్మ.

"పిల్లకి మాటలు రాకముందే చెవి ఇల్లంటే ఏమిటో నేర్చేసుకుంటుందమ్మా. ఈ అమ్మాయి ఉయ్యాల్లో విన్నది మీ ఇద్దరి గొంతులూ కలిపి. పెళ్లి మీరిద్దరూ జరిపించాలి."

"ఇద్దరం విధవలం," అంది సన్నాసమ్మ నెమ్మదిగా.

"మిషను అది అడగలేదు," అన్నాడు వరహాలు.

పది రోజులు కలిసి పెళ్లిపనులు చేశారు. రెండోరోజున సన్నాసమ్మ వంజరం పులుసు పంపింది. నాలుగోరోజున పైడమ్మ గిన్నె ఖాళీగా పంపకుండా అరిసెలు పెట్టి పంపింది. ఆరోరోజున ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని చచ్చిపోయిన మొగుళ్లని తిట్టుకున్నారు. ఇరవై నాలుగేళ్ల తర్వాత సన్నాసమ్మ మళ్లీ "అప్పా" అని అక్క వరసతో పిలిస్తే, పైడమ్మ ఇంకో అరిసె ఆవిడ చేతిలో పెట్టింది.

పెళ్లిరోజు వచ్చింది. జనం కిటకిటలాడుతున్నారు. నీలవేణి మణికట్టుకు ఆ తెల్లటి పట్టీ ఉంది. వధూవరుల కొంగులు ముడివెయ్యాలి.

"నువ్వు కట్టప్పా."

"నువ్వే కట్టమ్మా. నీ చెయ్యి మంచిది."

ముందు వరసలో వరహాలు చేతిలోని స్క్రీన్ ఎత్తి చూపించాడు. నూట నాలుగు. నూట పదిహేను. నీలవేణి పెదాలు తెల్లబడుతున్నాయి. పీట అంచు పట్టుకుంది.

పైడమ్మకి అర్థమైంది. ఈ పదిరోజుల తీపే పిల్లకి కొత్తగొంతు.

సన్నాసమ్మ వేస్తున్న ముడి చూసింది. మంచి ముడి. ఉయ్యాలనాడూ తనకన్నా ఆవిడకే ముడి బాగా వచ్చని పైడమ్మకి తెలుసు. ఎన్నడూ ఒప్పుకోలేదంతే. పళ్లెంలోని కొబ్బరికాయ వైపు తిరిగింది.

"ఓ కొబ్బరికాయా, ఆ ముడి చూశావా. జారిపోద్ది."

సన్నాసమ్మ చెయ్యి ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత పిల్ల మొహం చూసింది. దీపపుసెమ్మెకేసి తిరిగి గొంతు సవరించుకుంది.

"ఓ దీపమా, ఆ మర్నాడు తెల్లారగట్ల ఉయ్యాల జానెడు జారితే, దొడ్డిదారిన వచ్చి మళ్లీ కట్టి వెళ్లిందెవరో అడుగు."

పైడమ్మకి అది నిజంగానే తగిలింది. ఉన్న తిట్లన్నీ కొబ్బరికాయకే పెట్టింది. డెబ్బై రెండు. నీలవేణి నవ్వుతూ తల వంచింది. తాళి పడింది.

ఆ సాయంత్రం బాల్కనీలో పైడమ్మ కోడి ముందు కూర్చుంది. గోడమీద ఫోను నిలబెట్టి ఉంది. ఫోనుకి అవతల, అత్తవారింట్లో నీలవేణి వింటోంది. కొత్తచోట నిద్ర పట్టదని ఆ పిల్లే పెట్టించింది. ఇక ఈ జన్మకి వాళ్లిద్దరికీ రాజీ లేదు.

"ఉయ్యాల జారిందని నాకెందుకు చెప్పలేదో అడగవే కోడీ."

గోడవతల చీపురు చప్పుడాగింది.

"చెబితే మళ్లీ కట్టనిచ్చేవారా అని అడగవే చీపురూ."

పైడమ్మ పైటచెంగుతో కళ్లు తుడుచుకుని, గొంతు పెంచింది.