జవాబు రాని డప్పు

తూర్పున ఎర్రరాతి గుట్టలు, పడమట నువ్వుచేలు, నడుమ మూడు ప్రాకారాలతో మబ్బులను ఒరుసుకొని నిలిచిన వెలగదుర్గాన్ని మేడికొండ ప్రభువు సేనలు చుట్టుముట్టి ఆ జ్యేష్ఠమాసానికి రెండు నెలలు నిండాయి. లోపల ప్రభువుపై తిరగబడిన సామంతుడున్నాడు. అతనితోపాటు, ఆ తిరుగుబాటు ఊసే తెలియని పదివేల మంది జనమూ ఉన్నారు. ఈ రెండో సంగతిని ముట్టడి వేసినవారు తరచు మరచిపోతారు. దండనాయకుడు కాటయ నాయకుడూ మరచిపోయాడు.

ఆ పట్టణానికి నీళ్లు గుట్టమీది చెరువునుంచి వచ్చేవి. చెరువు గట్టు అడుగున రాతితో కట్టిన నీటిదారే తూము. అక్కడినుంచి మట్టిగొట్టాలు నేల లోపలగా ఊరిలోకి సాగేవి. నీళ్లు వదిలేదీ కట్టేదీ నీరటివారు. ఏటా పూడిక తీయడానికి తూము మూసే ముందు వారికొక కట్టుబాటుంది. గట్టుమీద డప్పు కొట్టి, "నిండాయా?" అని మూడుసార్లు అడగాలి. ఇంటింటా కుండలు నిండాక కోటగోడమీదినుంచి ఆడవాళ్లు, "నిండాయి!" అని బదులివ్వాలి. ఆ మాట వినబడితేనే తూముకు అడ్డుబండ దించడం. వినబడకపోతే, రాజాజ్ఞ ఉన్నా ఆగవలసిందే.

మంత్రి బాచన ప్రెగడ రాజముద్రతో శిబిరానికి వచ్చి అన్నాడు: "దండనాయకా, తూము మూయించండి. డప్పు అక్కరలేదు. మీ కత్తులు రెండు నెలల్లో తెరవలేని తలుపులను దాహం మూడు దినాల్లో తెరుస్తుంది."

భటుల నెత్తురు మిగులుతుందని కాటయ తలూపాడు. నీరటివారి పెద్ద పోచక్క బండను కావలించుకొని, "అడగకుండా మూస్తే ఊరి ఉసురు తగులుతుంది దొరా!" అని మొత్తుకుంది. భటులు ఆమెను పక్కకు లాగి బండ దించారు.

మూడు దినాలు గడిచాయి, తలుపులు తెరుచుకోలేదు. ఊళ్లో మేడలమీద వాన కోసం వరుసగా పెట్టిన కుండలు ఆకాశంకేసి నోళ్లు తెరుచుకొని ఉన్నచోటే ఉన్నాయి. తొమ్మిదోనాటి ఉదయం కాటయ గట్టుమీద నిలబడి చాలాసేపు చూశాడు. ఊళ్లో ఒక్క పొయ్యీ రాజలేదు. లోకోటలో మాత్రం, సామంతుడి భటులుండే చోట, వంటపొగ దట్టంగా లేస్తోంది.

"పోచక్కా, వాళ్లకు నీళ్లెక్కడివి?"

"లోకోటలో రాతిదొన ఉంది కద దొరా. వానకు నిండిందంటే రెండేళ్లు తాగుతారు. ఈ తూము నీళ్లు ఊరికే గాని కోటకు ఎన్నడు పోయినయి?"

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"లాగి పారేసినోళ్లు నన్నేమన్న అడిగిన్రా?"

కాటయ నేరుగా మంత్రి గుడారానికి నడిచాడు.

"దొన సంగతి తమకు తెలుసా ప్రెగడగారూ?"

"తెలుసు," అన్నాడు బాచన ప్రెగడ తొణకకుండా. "తల్లుల ఏడుపు వినలేక సామంతుడే దిగివస్తాడు. ఏడుపు కూడా ఆయుధమే దండనాయకా."

"ప్రభువు ఉప్పు తిన్నాను. ఆయన కోసం ఈ ఒంటిమీద పదకొండు గాయాలు మోశాను. కాని ఆ మేడలమీద కుండలు పెట్టుకున్నవారూ ఆయన బిడ్డలే. బిడ్డల గొంతులు ఎండగట్టి తండ్రికి గెలుపు తెచ్చిపెట్టలేను."

అతడు వెనుదిరిగి, నలుగురు నీరటివారితో భుజం కలిపి బండ ఎత్తాడు. నీళ్లు హోరుమంటూ గొట్టాల్లోకి ఉరికాయి. కొంతసేపటికి ఊళ్లోనుంచి ఒక అరుపు లేచింది. అది సంతోషమో ఏడుపో గట్టుమీద ఎవరికీ తెలియలేదు.

రాజముద్రను ధిక్కరించినవాడికి శిరశ్ఛేదమే శిక్ష. అతణ్ణి బంధించమని మంత్రి ఆజ్ఞ ఇవ్వగా, కాటయ సైనికులు కత్తులు దూయబోతే అతడే వారించాడు. "ఇప్పుడు కత్తి దూస్తే లోపలివాడికీ నాకూ తేడా ఉండదు. ఈ తల ప్రభువుది. ఇస్తాను."

మధ్యాహ్నానికి అతణ్ణి తూము పక్కనే మోకరిల్లజేశారు. "ముందు బండ దించండి!" అని మంత్రి ఆజ్ఞాపించాడు. భటులు భుజాలు ఆనించారు. అంతలో పోచక్క డప్పందుకుంది.

"నిండాయా?"

కోటగోడమీద ఆడవాళ్లు బారులు తీరి నిలుచున్నారు. ఒక్కరూ పలకలేదు.

"నిండాయా?"

జవాబు లేదు. మూడోసారి అడిగింది. గొట్టాల్లో నీళ్ల చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు. ఆ భటులూ చెరువుల కింద సేద్యం చేసుకొనే ఊళ్లవారే. బదులు రాకుండా బండ దించకూడదని పుట్టినప్పటినుంచీ ఎరిగినవారే. ఒకడు చేతులు తీసేశాడు, తరువాత ఇంకొకడు. మంత్రి ఎంత అరిచినా ఆ బండను మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు. అవమానంతో అతడు కత్తి పట్టిన తలారికి సైగ చేశాడు.

కాటయ తల వంచి మెల్లగా అడిగాడు. "నిజం చెప్పు పోచక్కా. ఇంకా నిండలేదా?"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గొట్టాల కాడ పెట్టిన కుండలు ఎప్పుడో నిండినయి దొరా, ఈడికే కనబడుతున్నయి. నిండి పొర్లుతున్నయి. కొన్ని కుండలు తీస్కపోను ఎవ్వరూ రాలే."

అదే అతడు విన్న చివరి మాట.

నాలుగోనాడు సంగతి తెలిసి ప్రభువు స్వయంగా వచ్చాడు. మంత్రి దగ్గరి ముద్ర తీసుకొని, ముట్టడి ఎత్తివేసి, చెప్పుల్లేకుండా గట్టెక్కాడు. అయితే నీళ్లు చాలా ఇళ్లకు ఆలస్యంగా వచ్చాయి, ఆ ప్రభువు కూడా అంతే.

ఆనాటినుంచి ఏటా పూడికల వేళ గట్టుమీద డప్పు మోగి "నిండాయా?" అన్న పిలుపు వినబడితే, కుండలు నిండి ఉన్నా సరే, వెలగదుర్గం ఆడవాళ్లు మొదటి పిలుపుకు బదులివ్వరు.