మున్నేటికి గంజి

జగ్గయ్యపేటలో ఆ మంగళవారం పొద్దున్నే ఎండ కాసింది. నూతి దగ్గరనుంచి బిందెతో వచ్చిన బసవమ్మ పెరట్లోకి చూసి గతుక్కుమంది. తను నేసిన గుడ్డ నులకమంచం మీద పరిచి ఉంది. మామగారు బ్రహ్మయ్య చేతిలో కుంచె, పక్కన గంజి తప్పేలా.

అది కట్టుకునే బట్ట కాదు, గోడకు వేలాడదీసేది. వరదొచ్చిన మున్నేరును నేసిందామె. సన్నపోగూ లావుపోగూ కలిపి, సుడులున్నచోట నూలును వదులుగా పైకి లాగి వదిలేసింది. నందిగామ హైస్కూల్లో సాయంత్రం మొదలయ్యే చేనేత ప్రదర్శనకు, కొత్తరకం నేత కింద దాన్నీ పంపమన్నారు నేతపనివాళ్ళ సొసైటీవాళ్ళు. భర్త బాలస్వామి సొసైటీ చీరలతో నిన్ననే వెళ్ళాడు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఆమె పేరుమీద ఒక గుడ్డ గడప దాటడం ఇదే మొదలు. ఇప్పుడా సుడులన్నీ గంజికి అంటుకుని అట్టలా అణిగిపోయాయి.

“మావయ్యా! ఎవరు పెట్టమన్నారు?”

“గుడ్డకి గంజి పెట్టటానికి ఒకళ్ళు చెప్పాలంటమ్మా? నలభై ఏళ్ళనుంచీ పెడుతున్నా. చూడు, ఎంత సాపుగా వచ్చిందో!”

పైగా మెచ్చుకోలు కోసం ఎదురుచూపు కూడాను! బసవమ్మకు ఒళ్ళు మండిపోయింది.

“సాపుగా ఉండకూడదనేగా నెలరోజులు చచ్చింది! ఇన్నేళ్ళూ మీకు నూలు కండెలు చుట్టిపెట్టా. ఒక్కసారి మగ్గంలో కూర్చుంటే, అదీ మీ గుడ్డలాగే ఉండాలా? నేను నందిగామ రాను. దాన్ని మీరే కప్పుకోండి!”

కోడలు మామకు ఎదురు చెప్పడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. అత్త పుల్లమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది. బ్రహ్మయ్య కుంచె తప్పేలాలో పెట్టేశాడు.

“పోగులు వేలాడితే చేతగానిదంటారమ్మా. నన్నంటే పడతా. నలుగుర్లో నిన్నంటే ఎట్టా పడేది?”

బసవమ్మ కోపం పోలేదు. కానీ ఎవరిమీద చూపించాలో తెలియక ఏడుపొచ్చింది.

“ఏడుపులు తర్వాత. బస్సు రెండింటికి” అంది పుల్లమ్మ. “వేణ్ణీళ్ళు పెడుతున్నా. ఇద్దరూ రండి.”

మూడుసార్లు నానబెడితేగాని గంజి వదల్లేదు. బ్రహ్మయ్య గొంతుక్కూర్చుని, తడి గుడ్డను మోకాళ్ళమీద పరుచుకున్నాడు.

“ఏ పోగు ఎంత లేవాలో నువ్వు చెప్పు” అన్నాడు.

ఆయన వేళ్ళు అలవాటుగా అన్నిటినీ ఒకే ఎత్తుకు లాగాయి.

“సమానంగా వద్దు మావయ్యా. ఏరు ఎక్కడన్నా సమానంగా పారుద్దా?”

లాగిన పోగులు సర్ది మళ్ళీ మొదలుపెట్టాడు. బసవమ్మ నిమిషానికోసారి వీధిలోకి వెళ్ళి ఎండ చూసి వస్తోంది. రెండైనా గుడ్డ ఆరలేదు. అలాగే బస్సెక్కారు. నలుగుతుందని దాన్ని మడవనివ్వకుండా, ఒళ్ళో చేతులు చాపి పట్టుకునే కూర్చున్నాడు పెద్దాయన. అది ఆరుతుందో లేదో, సుడులు నిలుస్తాయో లేదో అని దారిపొడవునా ఆమె పోగులు తడిమి చూస్తూనే ఉంది.

హైస్కూల్లో బాలస్వామి దాన్ని చీరల మధ్య వేలాడదీశాడు. అంచు ఇంకా చెమ్మగానే ఉంది. వచ్చినవాళ్ళు చీరలు దాటి దాని ముందు ఆగుతున్నారు. కళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన వెనక్కీ ముందుకీ జరిగి చూసి, బ్రహ్మయ్య వైపు తిరిగాడు.

“పనితనమంటే మీదేనండీ! ఈ సుడులు ఎలా తిప్పారు?”

బసవమ్మ మామగారి వైపు చూసింది. ఔనంటే అయిపోయేది. ఆ ఇంటి గుడ్డలన్నీ ఆయన పేరుమీద చెల్లుబాటయ్యేవే.

“నాది కాదండీ. మా కోడలు నేసింది, బసవమ్మ” అన్నాడు బ్రహ్మయ్య. అందరికీ వినబడేలా మళ్ళీ అన్నాడు. “ఈ పని నాకు రాదండీ.”

నలభై ఏళ్ళు మగ్గం నేసిన మనిషి నోట ఆ మాట ఎవరూ విని ఉండరు. బసవమ్మ అందరిముందూ ఏడ్చేసింది, సిగ్గు కూడా పడలేదు.