పానెళ్ళ మీద గొంగళి

టెక్నీషియన్ యోసిఫ్ మెడకు కేబుల్ మూడు చుట్లు బిగించి ఉంది. బ్యాటరీల సత్తా పరీక్షించే అతని లోడ్ టెస్టర్ కేబులే. కోర్బుల్ శిఖరం కాపలాదారు గావ్రిల ఊట దగ్గర నీళ్ళు పట్టుకొచ్చేలోపు పని ముగించేశారు.

"సాయంత్రం అయిదున్నరకి మన హెలికాప్టర్ కోర్బుల్ లోయ దాటాలి," అన్నాడు కర్నల్ వల్సాన్ వైర్‌లెస్‌లో. "లోపల శత్రుముఠా పేర్లన్నీ తెలిసిన సాక్షి. పైలట్ ఎవరో తెలుసుగా?"

ఏజెంట్ తిబెరియుకు తెలుసు. పైలట్ ఒటీలియా, అతని ఒక్కగానొక్క చెల్లెలు. లోయ నిండా పొగమంచు. దారి చూపేది శిఖరం మీది బీకన్ దీపం ఒక్కటే. అక్కడికి కరెంటు లైను లేదు. సోలార్ పానెళ్ళు, నాలుగు బ్యాటరీలు, అంతే. పొద్దు గూకాక అవి చేతులెత్తేస్తే ఒటీలియా కొండకు గుద్దుకుంటుంది.

నాలుగింటికి అతను నకిలీ మీసంతో, మెకానిక్ వేషంలో పైకి చేరాడు. గుడిసె గుమ్మంలో ఎర్ర స్కార్ఫ్, ఖరీదైన సెంటు వాసన.

"ఎలుగుబంటి లేచిందా?"

"తేనె కోసం లేచింది," అని కోడ్ పూర్తి చేసింది ఏజెంట్ సెవెరీనా. డిపార్ట్‌మెంట్‌లో సగం మంది ఆమె నవ్వుకే పడిపోయారు. "శ్రమ పడకు. అన్నీ చూసేశా. ఒక్కో బ్యాటరీ పదమూడున్నర వోల్టులు. బ్రహ్మాండం."

మూల కూర్చుని జున్ను కోసుకుంటున్న గావ్రిల గొణిగాడు. "ఎండ తగులుతుంటే అన్నీ బ్రహ్మాండమేనమ్మా. మా యోసిఫ్ అయితే ముందు పానెళ్ళ మీద నా గొంగళి కప్పేవాడు. గంట ఆగి, అప్పుడు లోడ్ పెట్టేవాడు. పొద్దున కూడా కప్పాడు పాపం."

తిబెరియు వెళ్ళి గొంగళి కప్పాడు. గంట ఆగి తన సంచిలోని టెస్టర్ తగిలించాడు. టెస్టర్‌లోని తీగచుట్ట ఎర్రగా కాలింది. మొదటి బ్యాటరీ నిలబడింది. రెండోది పది సెకన్లలో ఆరు వోల్టులకు కూలింది. మూడోది నిలబడింది, నాలుగోది కూలింది.

"ఆ రెండిటినీ మా ముఠావాళ్ళు పోయినవారం మార్చారు," అంది సెవెరీనా పిస్టల్ తీస్తూ. "యోసిఫ్‌కీ నీలాగే అతి జాగ్రత్త."

తూటా గావ్రిల తొడలో దిగింది. తిబెరియు ఎర్రటి తీగచుట్టను ఆమె మణికట్టుకు అదిమాడు. చర్మం చుర్రుమంది, పిస్టల్ జారింది. ఆమె ఎడమచేత్తో రెంచి అందుకుని అతని కణతమీద కొట్టింది. కళ్ళు మూతపడేముందు అతనికి కనిపించింది గావ్రిల చేతిలో కట్టెలు కొట్టే గొడ్డలి.

మెలకువ వచ్చేసరికి అయిదూ ఇరవై ఆరు. సెవెరీనా నేలమీద పడి ఉంది, తల పగిలి. బీకన్ రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. దూరంగా హెలికాప్టర్ చప్పుడు.

"బాబాయ్, టార్చ్ పట్టు!"

రక్తం కళ్ళలోకి కారుతుంటే చచ్చిన రెండు బ్యాటరీలను విడదీసి, బతికున్న రెండిటినీ జోడీ కట్టాడు. ఆఖరి నట్టు బిగిసింది. బీకన్ భగ్గున వెలిగింది. చప్పుడు కొండకు తగిలేంత దగ్గరగా వచ్చి, పక్కకు తిరిగి వెళ్ళిపోయింది.

వైర్‌లెస్ గరగరలాడింది. "అన్నయ్యా! దీపం ఆర్పేసి నిద్రపోయావా?"

తిబెరియు నవ్వబోయి ఏడ్చేశాడు. తర్వాత గొంగళి తెచ్చి సెవెరీనా మీద కప్పబోయాడు.

"ఆగవయ్యా," అన్నాడు గావ్రిల తొడకు గుడ్డ కట్టుకుంటూ. "దానికి రక్తం అంటించకు. రేపు మళ్ళీ పానెళ్ళకి కావాలి."