చెమర్చిన అద్దం

మీరే! విగ్రహ సంఘం సభ్యులారా, మీరే! ముందు వరుస కుర్చీల్లో కూర్చుని అంతా కళ్లారా చూసి, ఇప్పుడు "శిల్పి తడి అచ్చులో కంచు పోశాడు, అతని అజాగ్రత్తే" అని కాగితం మీద సంతకాలు పెట్టింది మీరే! ఆ అచ్చు ఎవరి పూజకి తడిసిందో మీకు తెలీదూ? తెలీకపోతే వినండి. తెలిసినా సరే, వినండి!

పట్టపగలు పన్నెండు గంటలు... సూర్యబింబాన్ని మింగిన కారుమేఘాలు కార్ఖానా రేకుల మీద కొండచిలువల్లా మెలికలు తిరుగుతున్నాయి. ఉరుము... దాని వెనకే మరో ఉరుము! దూలం మీద గుడ్లగూబ వేళగాని వేళ కర్ణకఠోరంగా కూసింది. కొలిమి మీది మూసలో కంచు కుతకుతా ఉడుకుతోంది. నేలలో గుంట. గుంటలో, ఇసుకలో పీకదాకా పూడ్చిన మట్టి అచ్చు.

గుంట పక్కన శిల్పి కూలబడి ఉన్నాడు. కుర్రతనంలో గాలికి వంగిన మనుషుల్ని, మొహం లేని తల్లుల్ని కంచులో పోసినవాడు. ప్రదర్శన పెడితే జనం వచ్చి "ఇదేంటి, కరిగిపోయిందా?" అని నవ్వి వెళ్లారు. ఆ తర్వాత నలభై ఏళ్లు పెద్దమనుషుల విగ్రహాలే. ఛాతీ పెంచమంటే పెంచాడు. బట్టతలకి జుట్టు పెట్టమంటే పెట్టాడు. "సరే సార్" అనీ అనీ నాలుక కాయ కాసింది. ఒళ్లు అలిసింది, దానికంటే ముందు మనసు అలిసింది.

అచ్చు కట్టడానికి ముందు చేసే మైనపు బొమ్మ పని అతని భార్యది. విగ్రహాల కనురెప్పలు, గోళ్లు, పెదవుల మడతలు అన్నీ ఆవిడ చేతివే.

మీ అధ్యక్షుడికి బతికుండగానే విగ్రహం కావలసి వచ్చింది. నుదుటి నుంచి బొడ్డుదాకా చితాభస్మం పూసుకు తిరిగే ఆ క్షుద్రోపాసకుణ్ణి కార్ఖానాలో బూడిదయ్య అనేవాళ్లు. అతను శ్మశానం నుంచి కపాలం తెచ్చి, విగ్రహం తలలోని మట్టిముద్దలో పెట్టించాడు. మైనపు ముక్కుపుటాల్లోకి ఇరవై ఒక్క రోజులు ఆవిణ్ణి ఊపిరి ఊదమన్నాడు. శిల్పి, అలవాటు చొప్పున, "సరే సార్" అన్నాడు.

ఊదినకొద్దీ ఆవిడ చల్లబడింది... మాట సన్నగిల్లింది. ఇరవై ఒకటో రోజున కళ్లు తెల్లగా తిరిగి, ఆ కంఠంలోంచి మగగొంతు ఘోరంగా అరిచింది. "కళ్లు ఇంకా లోతుగా చెక్కవే!" అది బూడిదయ్య గొంతు!

"ఏం చేశారు సార్ మా ఆవిణ్ణి?"

"కంచు పోసేదాకా ఓపిక పట్టు. ఆ ఊపిరి నా విగ్రహంలో మూతపడగానే నాకిక చావు లేదు. తర్వాత ఇంటికి తీసుకుపో... ఒళ్లు మాత్రం!"

పోత రోజున, కొలిమి దగ్గర పనిచేసే ముసలాయన గొణిగాడు. "ఈయన ఒంటిమీద బూడిదతో ఊళ్లో గిన్నెలన్నీ తోమొచ్చు గదరా." గోడ వారన ఆవిడ పెదాలు నీలంగా ఉన్నాయి.

పోతకి ముందు అచ్చు గాలిరంధ్రం మీద అద్దం ముక్క పెట్టి చూడడం ఆ కార్ఖానా పద్ధతి. అద్దం చెమర్చకపోతేనే పోత. పొద్దున అద్దం పొడిగానే ఉంది. పన్నెండింటికి, మీ కళ్లెదుటే, బూడిదయ్య మంత్రాలు రంకెలేస్తూ కుండెడు నెత్తురు అచ్చు నోట్లో ఒంపాడు! మీలో ఇద్దరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. ఒక్కరు నోరెత్తారా?

శిల్పి మళ్లీ అద్దం పెట్టాడు. చెమర్చింది. తుడిచి పెట్టాడు... మళ్లీ చెమర్చింది!

"ఊపిరి! నా విగ్రహం ఊపిరి తీస్తోంది! పోయండి!" బూడిదయ్య అట్టహాసానికి రేకులు దద్దరిల్లాయి.

"అది ఊపిరి కాదు సార్, తడి. తడి మీద కంచు పడితే అచ్చు పేలిపోద్ది. మళ్లీ రెండు రోజులు కాల్చాలి."

"నాకు పాఠాలు చెప్తావా, మట్టి పిసుక్కునేవాడా! పొయ్!"

శిల్పి లేచాడు. మోకాళ్లు పటపటమన్నాయి. "పొయ్యను" అన్నాడు. నలభై ఏళ్లలో మొదటిసారి.

ముసలాయన పట్టకారు కింద పడేశాడు. "నావల్లా కాదు బాబూ. నువ్వే పోసుకో."

బూడిదయ్య కళ్లు నిప్పులు కక్కాయి. మూసని వంచే గొలుసు తనే పట్టుకున్నాడు! శిల్పి భార్యని ఎత్తుకుని ఇటుకగోడ వెనక్కి ఉరుకుతూ గొంతు చించుకుని అరిచాడు. "తడి ఉంది! పేలుద్ది! లేవండి, అందరూ లేవండి!"

కంచు ధార దిగింది... క్షణం... అరక్షణం... భూగర్భం బద్దలైంది! ఆ కరాళజ్వాల ముందు ఏ బీజాక్షరమూ పనిచెయ్యలేదు. అగ్ని అతని మంత్రాన్ని మధ్యలోనే మింగేసింది. కపాలం చిప్పలు చిప్పలుగా ఎగిరింది. ఒకే ఒక్క కేక! పూసుకున్న బూడిదేదో, మిగిలిన బూడిదేదో వేరు చెయ్యడం ఎవరివల్లా కాలేదు.

గోడ వెనక ఆవిడ గుండెల నిండా గాలి పీల్చి, దగ్గి, తన గొంతుతోనే అంది.

"ఏవండీ... కాసిని నీళ్లు."

ఆ నీళ్లు తెచ్చిచ్చిన మనిషిని, పొద్దుగూకకుండానే, మీ కాగితం చూపించి పోలీసులు పట్టుకుపోయారు! ఇప్పుడతను లాకప్పులో ఉన్నాడు. ఆవిడ స్టేషన్ బల్ల మీద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్తోంది. భార్య మాట చెల్లదట.

మీ మాట చెల్లుతుంది. అతను అరిచినప్పుడు మీరు కుర్చీలు తన్నుకుని పరిగెత్తారు. తడి ఉందని విన్నారు గనకే పరిగెత్తారు, విన్నారు గనకే బతికారు! లేవండి. స్టేషన్‌కి నడవండి. ఆ కాగితం మీ చేతులతో మీరే చింపండి. నెత్తురు పోసింది ఎవరో, వద్దన్నది ఎవరో చెప్పి, అతన్ని బయటికి తీసుకురండి. రేపు కాదు, సంఘం మీటింగు పెట్టుకుని కాదు. ఇప్పుడే!